కారు మెదడును తిరగరాస్తే ఏమవుతుంది? ఈసీయూ రీమ్యాపింగ్ వెనుక శాస్త్రం, చట్టం

1990ల నాటి మారుతీ జెన్ కారులో 993 సీసీ ఇంజిన్ ఉండేది. దాని శక్తి సుమారు 50 హార్స్‌పవర్. నేడు మన రోడ్లపై తిరుగుతున్న హ్యుందాయ్ వెన్యూ టర్బో రకంలో ఇంజిన్ పరిమాణం 998 సీసీ. అంటే తేడా అయిదు సీసీలే. అయినా శక్తి మాత్రం 120 హార్స్‌పవర్. పరిమాణం పెరగకుండానే బలం రెట్టింపు దాటడానికి ప్రధాన కారణాలు రెండు. ఒకటి, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నింపే టర్బోఛార్జర్. రెండోది, ఆ గాలికి తగిన ఇంధనాన్ని, నిప్పురవ్వను క్షణక్షణం లెక్కగట్టే చిన్న కంప్యూటర్. దానినే ఇంజిన్ కంట్రోల్ యూనిట్ అంటారు. వాడుకలో ఈసీయూ.

ఈ రెండో దానిని తిరగరాసి కారు బలం మరింత పెంచుతామని చెప్పే వర్క్‌షాపులు దేశంలోని పెద్ద నగరాలన్నిటిలో కనిపిస్తున్నాయి. లాప్‌టాప్ తీగ తగిలిస్తే చాలు, బోల్టు ఒక్కటి కూడా విప్పనక్కర్లేదు అన్నది వారి మాట. యువ వాహనదారులలో దీనిపై ఆసక్తి ఎక్కువ. అయితే ఈ పని వెనుక ఉన్న శాస్త్రం ఏమిటి? ఏ పరిస్థితిలో ఇది అవసరమవుతుంది? ఎక్కడ ఇంజిన్‌కే ముప్పుగా మారుతుంది? మన చట్టం ఏమంటోంది? ఈ ప్రశ్నలకు సమాధానాలే ఈ కథనం.

గాలిని బలవంతంగా నింపడం

పెట్రోలు ఇంజిన్‌లో శక్తికి మూలం దహనం. ఇంధనం ఎంత ఎక్కువ కాలితే శక్తి అంత ఎక్కువ. కాని ఇంధనం ఒక్కటే పోస్తే మండదు. దానికి తగినంత గాలి కావాలి. సాధారణ ఇంజిన్ తన పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి బయటి గాలిని పీల్చుకుంటుంది. అందువల్ల వాతావరణ పీడనం ఎంత ఉందో అంతవరకే అది శ్వాసించగలదు.

ఈ పరిమితిని దాటే ఉపాయం కొత్తది కాదు. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బుషీ 1905లోనే టర్బోఛార్జర్ సూత్రానికి పేటెంట్ పొందారు. ఇంజిన్ నుంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుపై ఉన్న మరో చక్రంతో తాజా గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపడం ఆ సూత్రం. చిన్న కార్లలోని టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా భ్రమణాలు చేస్తుంది. సూపర్‌ఛార్జర్ చేసే పనీ ఇదే. కాకపోతే అది పొగతో కాక, ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌కు తగిలించిన బెల్టుతో తిరుగుతుంది. అందుకే యాక్సిలరేటర్ తొక్కగానే స్పందిస్తుంది. ఆ స్పందనకు ఇంజిన్ శక్తిలోనే కొంత ఖర్చవుతుంది.

వాతావరణ పీడనం సుమారు ఒక బార్. దానిపై టర్బో మరో బార్ పీడనం చేర్చితే ఒక లీటరు ఇంజిన్ ఇంచుమించు రెండు లీటర్ల ఇంజిన్‌కు సరిపడే గాలిని తీసుకుంటుంది. అయితే గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టిన వారికి ఇది అనుభవమే. 35 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే దాని వేడి నూరు డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలుచబడుతుంది, దహనాన్నీ అదుపు తప్పిస్తుంది. అందుకే టర్బోకు, ఇంజిన్‌కు మధ్య గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అమరుస్తారు.

ఈసీయూ చేసే లెక్క

నిమిషానికి 6,000 భ్రమణాల వేగంలో నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లోని ఒక్కో సిలిండర్ సెకనుకు 50 సార్లు మండుతుంది. మూడు సిలిండర్లు కలిస్తే 150 సార్లు. ప్రతిసారీ ఈసీయూ రెండు ముఖ్యమైన నిర్ణయాలు తీసుకోవాలి. ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీ సెకన్లు తెరిచి ఉంచాలి? స్పార్క్ ప్లగ్‌ను ఏ క్షణాన వెలిగించాలి? టర్బో ఇంజిన్ అయితే మూడో నిర్ణయం కూడా ఉంటుంది. పొగను టర్బో చక్రం మీదుగా పోనివ్వాలా, వేస్ట్‌గేట్ అనే తలుపు తెరిచి పక్కదారి పట్టించాలా?

ఈ నిర్ణయాలకు ఆధారం సెన్సర్లు. లోపలికి వచ్చే గాలి పీడనం, ఉష్ణోగ్రత, ఇంజిన్ వేగం, యాక్సిలరేటర్ పెడల్ స్థితి, పొగలో మిగిలిన ఆక్సిజన్, ఇలా ప్రతి అంశం మీదా సమాచారం అందుతూనే ఉంటుంది. దాన్ని తీసుకుని ఈసీయూ తనలో దాచిన పట్టికలను చూస్తుంది. ఒక వైపు ఇంజిన్ వేగం, మరో వైపు భారం ఉండే గడుల పట్టిక అది. ఈ వేగంలో ఈ భారం ఉంటే ఇంత ఇంధనం, ఇన్ని డిగ్రీల ముందు నిప్పురవ్వ అని ఒక్కో గడిలో ఒక్కో అంకె ఉంటుంది. ఈ పట్టికలకే మ్యాపులు అని పేరు. వాటిలోని అంకెలను మార్చి తిరిగి రాయడమే రీమ్యాపింగ్.

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలోకు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలుకు ఈ నిష్పత్తి సుమారు 13.5. ఇంజిన్ పూర్తి భారంతో పరుగెడుతున్నప్పుడు అవసరాన్ని మించి కొంత ఇంధనాన్ని అదనంగా పంపడం టర్బో కార్లలో చిరకాలంగా ఉన్న పద్ధతి. ఆ అదనపు ఇంధనం ఆవిరవుతూ సిలిండర్ వేడిని తగ్గిస్తుంది. ఇంధనం తక్కువ పడితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. వేడి పెరుగుతుంది. టర్బో ఇంజిన్‌కు అసలైన శత్రువు ఇదే.

భాగాలు మారిస్తే లెక్క తప్పుతుంది

కారును మార్చుకునేవారు చాలామంది ముందు భాగాలనే మారుస్తారు. పెద్ద ఎయిర్ ఫిల్టర్, వెడల్పయిన పొగగొట్టం, పెద్ద ఇంటర్‌కూలర్, ఇంకా ముందుకు వెళితే పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు. కాని ఈ మార్పులు ఈసీయూకు తెలియవు. కర్మాగారంలో తనకు చెప్పిన ఇంజినే ఇప్పటికీ తన ముందు ఉందని అది భావిస్తుంది. తూనికరాయి మారిందని తెలియని దుకాణదారు పాత లెక్కనే తూచినట్టు ఉంటుంది దాని పని.

మూడు ఉదాహరణలు చూద్దాం. మొదటిది ఇంజెక్టర్లు. పాతవాటి కంటే 25 శాతం ఎక్కువ ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు బిగించి, ఈసీయూను అలాగే వదిలేశారనుకుందాం. అది పాత లెక్క ప్రకారమే నాలుగు మిల్లీ సెకన్లు తెరిచి ఉంచుతుంది. ఫలితంగా 14.7 ఉండవలసిన నిష్పత్తి 11.8కు పడిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను గమనించి కొంతమేరకు సరిదిద్దగలదు. ఆ హద్దు దాటితే నల్లటి పొగ వస్తుంది, మైలేజీ తగ్గుతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది.

రెండోది గాలిని కొలిచే మీటరు. కొన్ని కార్లలో గాలి గొట్టం మధ్యలో ఒక సెన్సర్ ఉండి, తనను తాకుతూ పోయే ప్రవాహాన్ని బట్టి మొత్తం గాలిని అంచనా వేస్తుంది. దాన్ని తీసి పది శాతం ఎక్కువ వ్యాసం ఉన్న గొట్టంలో అమర్చితే గొట్టం వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. అదే గాలి మెల్లగా సాగుతుంది. సెన్సర్ దాన్ని సుమారు ఆరో వంతు తక్కువగా చూపిస్తుంది. ఆ మేరకు ఇంధనమూ తగ్గుతుంది. యజమాని మాత్రం ఇంజిన్‌కు గాలి బాగా ఆడుతోందని సంతోషిస్తూ ఉంటాడు.

మూడోది మరింత ప్రమాదకరం. టర్బో లేని కారుకు బయటి నుంచి సూపర్‌ఛార్జర్ బిగించడం. ఆ కారులోని పీడన సెన్సర్ వాతావరణ పీడనానికి కొంచెం పైవరకే కొలవగలదు. సుమారు 1.1 బార్ దాటితే దాని సూచీ అక్కడే ఆగిపోతుంది. సూపర్‌ఛార్జర్ వాస్తవ పీడనాన్ని 1.5 బార్‌కు తీసుకువెళితే ఈసీయూకు కనిపించేది 1.1 మాత్రమే. అవసరమైన ఇంధనంలో నాలుగో వంతుకు పైగా కొరత పడుతుంది. పైగా టర్బో లేని ఇంజిన్లలో పిస్టన్ మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. ఇటు ఇంధనం తక్కువ, అటు ఒత్తిడి ఎక్కువ. సెన్సర్, ఇంజెక్టర్లు, మ్యాపులు మూడూ మార్చకుండా ఇలాంటి ఇంజిన్‌ను పూర్తి వేగంతో నడిపితే పిస్టన్లు కరిగిపోయే ప్రమాదం ఉంది.

అందువల్ల భాగాలు మార్చిన టర్బో లేదా సూపర్‌ఛార్జర్ కారులో రీమ్యాపింగ్ విలాసం కాదు, సాంకేతిక అవసరం. భాగాలు ఏవీ మార్చని కారులో మాత్రం అది యజమాని కోరికపై ఆధారపడిన విషయం.

నాకింగ్: క్షణంలో జరిగే నష్టం

సక్రమమైన దహనంలో మంట స్పార్క్ ప్లగ్ వద్ద మొదలై క్రమంగా విస్తరిస్తుంది. పీడనం, వేడి హద్దు మీరితే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంత తానుగా పేలుతుంది. డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపించే ఆ చప్పుడే నాకింగ్. అది పదేపదే జరిగితే పిస్టన్ అంచులు విరుగుతాయి, రింగులు పగులుతాయి. నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లలో మరో సమస్య ఉంది. తక్కువ వేగంలో ఎక్కువ భారం మోపినప్పుడు నిప్పురవ్వ రాకముందే మిశ్రమం అంటుకుంటుంది. మ్యాపులో తక్కువ వేగం వద్దే పీడనాన్ని బాగా పెంచితే ఈ ముప్పు పెరుగుతుంది.

నాకింగ్‌ను తట్టుకునే ఇంధన గుణానికి కొలమానం ఆక్టేన్ సంఖ్య. మన దేశంలో బీఎస్ 6 సాధారణ పెట్రోలుకు కనీస ఆక్టేన్ 91గా ఉండేది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అది 95. ఇండియన్ ఆయిల్ సంస్థ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ పెట్రోలును కూడా విడుదల చేసింది. అది ఎంపిక చేసిన బంకులలోనే దొరుకుతుంది, ధరా ఎక్కువే. జర్మనీలో 98 ఆక్టేన్ పెట్రోలుకు తగినట్టు తయారైన మ్యాపు ఫైలును యథాతథంగా ఇక్కడి కారులోకి ఎక్కిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. అక్కడి చల్లని గాలికి, పలచని ట్రాఫిక్‌కు సరిపడిన అంకెలు 45 డిగ్రీల విజయవాడ ఎండలో, బెంజ్ సర్కిల్ రద్దీలో సరిపోవు.

కర్మాగారం మిగులు ఎందుకు ఉంచుతుంది?

భాగాలేవీ మార్చకుండా, కేవలం మ్యాపుతోనే టర్బో కార్లలో శక్తిని 20 శాతం, అంతకు మించి కూడా పెంచవచ్చని ఈ వృత్తిలోని వారు చెబుతారు. టర్బో లేని ఇంజిన్లలో పెరుగుదల నామమాత్రమే. టర్బో ఉన్నచోట గాలి పీడనాన్నే పెంచే వీలుండటం ఈ తేడాకు కారణం. మరి ఆ శక్తిని తయారీదారే ఎందుకు ఇవ్వలేదన్నది సహజమైన ప్రశ్న.

ఒకే మ్యాపు లద్దాఖ్ కనుమల్లోని పలుచని గాలిలోనూ, రాయలసీమ ఎండలోనూ పనిచేయాలి. నాణ్యత తగ్గిన పెట్రోలు పోసినా, ఆయిల్ మార్చడం ఆలస్యమైనా ఇంజిన్ నిలవాలి. లక్షల ఇంజిన్లలో కాస్త బలహీనంగా తయారైనది కూడా వారంటీ కాలం దాటాలి. ఉద్గారాల పరీక్ష గట్టెక్కాలి. క్లచ్, గేర్‌బాక్సు, ఇరుసులు ఆ బలాన్ని మోయాలి. ఉదాహరణకు ఫోక్స్‌వాగన్ గ్రూపు కార్లలో విస్తృతంగా వాడిన డీక్యూ 200 అనే ఏడు గేర్ల పొడి క్లచ్ గేర్‌బాక్సును 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కు రూపొందించారు. 2013లో మన దేశానికి వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ ఇంజిన్ టార్క్ 175 న్యూటన్ మీటర్లు. ఈ రెంటి నడుమ ఉన్న తేడా మన్నికకు ఉంచిన భరోసా. మ్యాపుతో దాన్ని ఖర్చు చేయవచ్చు. ఖర్చయ్యాక అది మిగలదు.

తిరగరాసే పద్ధతి

ఒకప్పుడు ఈసీయూ పెట్టె విప్పి లోపలి చిప్‌ను పీకి, కొత్త అంకెలు రాసిన చిప్‌ను అమర్చేవారు. చిప్ ట్యూనింగ్ అనే పేరు అప్పటిదే. ఇప్పుడు డ్యాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ సాకెట్ ద్వారానే చాలా కార్లలో పని పూర్తవుతుంది. తాళాలు గట్టిగా వేసిన కొత్త ఈసీయూలను మాత్రం కారు నుంచి తీసి బల్లపై పెట్టి రాయవలసి వస్తుంది.

బాధ్యతగా చేసే పనిలో కొన్ని దశలు ఉంటాయి. ముందు ఇంజిన్ ఆరోగ్యాన్ని పరీక్షించాలి. స్పార్క్ ప్లగ్‌లు, కాయిళ్లు, గాలి గొట్టాల లీకులు చూడాలి. తర్వాత కర్మాగారపు ఫైలును చదివి భద్రపరచాలి. రాస్తున్నంతసేపూ బ్యాటరీ వోల్టేజీ పడిపోకుండా బయటి నుంచి విద్యుత్ ఇవ్వాలి. మధ్యలో ఆగితే ఈసీయూ స్తంభించి కారు స్టార్టే కాకపోవచ్చు. కొత్త మ్యాపుతో కారును డైనో అనే రోలర్ యంత్రంపై నడిపి గాలి, ఇంధన నిష్పత్తి, పీడనం, ఉష్ణోగ్రత, నాకింగ్ సూచనలను నమోదు చేయాలి. మెల్లమెల్లగా పెంచుతూ, ప్రతిసారీ నమోదు చూసుకుంటూ సాగాలి.

పీడనం అంకె ఒక్కటే పెంచితే పని జరగదు. నేటి ఈసీయూలు టార్క్‌ను ఆధారంగా చేసుకుని పనిచేస్తాయి. డ్రైవరు కోరిన టార్క్ ఎంత, ఇంజిన్ ఇస్తున్నది ఎంత అని నిరంతరం సరిపోల్చుకుంటాయి. ఇస్తున్నది ఎక్కువగా తేలితే థ్రాటిల్‌ను మూసేస్తాయి, లేదా కారును లింప్ మోడ్‌లోకి నెట్టి శక్తిని కోసేస్తాయి. అందువల్ల ఒకదానితో ఒకటి ముడిపడిన అనేక పట్టికలను పొందికగా మార్చాలి. పది నిమిషాల్లో ఫైలు ఎక్కించి పంపేవారికి, రోజంతా నమోదులు చూసేవారికి తేడా ఇక్కడే. సెన్సర్ చెప్పే అంకెను తప్పుగా చూపి ఈసీయూను మోసగించే పెట్టెలు కూడా మార్కెట్లో ఉన్నాయి. వాటికి ఇంజిన్‌లో నిజంగా ఏం జరుగుతోందో తెలియదు.

పొగ సంగతి

కారు బలం యజమాని వ్యవహారమే కావచ్చు, దాని పొగ మాత్రం అందరిదీ. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. 2023 ఏప్రిల్ 1న మొదలైన రెండో దశలో ప్రయోగశాలతో పాటు రోడ్డుపై నడిచేటప్పుడు వెలువడే ఉద్గారాలనూ లెక్కలోకి తీసుకున్నారు. ఈ ప్రమాణాలను అందుకునేది ఇంజిన్ ఒక్కటే కాదు, దానిని నడిపే సాఫ్ట్‌వేర్ కూడా. డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరును తొలగించి, ఆ సంగతి ఈసీయూ గుర్తించకుండా సాఫ్ట్‌వేర్‌లో ఆ విభాగాన్ని మూసేయడం రీమ్యాపింగ్‌లో అతి హానికరమైన రూపం.

మనం ఆరు నెలలకో, ఏడాదికో చేయించే కాలుష్య పరీక్షలో ఈ మోసం బయటపడకపోవచ్చు. పెట్రోలు కారు నిలిచి ఉండగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లను, డీజిల్ కారుకు పొగ సాంద్రతను కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. రోడ్డుపై భారంతో నడిచే కారు ఏం వదులుతోందో ఆ పరీక్ష చెప్పదు.

సాఫ్ట్‌వేర్‌లోని మార్పు ఎంత దూరం వెళ్లగలదో ఫోక్స్‌వాగన్ ఉదంతం ప్రపంచానికి చూపింది. పరీక్ష జరుగుతున్నదని గుర్తించి అప్పుడు మాత్రమే ఉద్గారాలను తగ్గించే ప్రోగ్రాము ఆ సంస్థ డీజిల్ కార్లలో ఉందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015 సెప్టెంబరు 18న ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల వాహనాలలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు తేలింది. భారత్‌లో మూడు లక్షలకు పైగా కార్లను వెనక్కు పిలిపించారు. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా విధించగా, అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు సంస్థపై బలవంతపు చర్యలను నిలిపివేసింది. అక్కడ తప్పు చేసింది తయారీదారు. వీధి చివరి వర్క్‌షాపులో జరిగితే అంత పెద్ద వార్త కాకపోవచ్చు. అమెరికాలో ఒక దశాబ్ద కాలంలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ వాహనాల నుంచి ఉద్గార నియంత్రణ పరికరాలను తొలగించారని అదే సంస్థ 2020లో అంచనా వేసింది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధన ఉద్దేశాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణతో మారిన 182ఏ సెక్షను, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి వాహనం నడిపితే 190వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించదు కాబట్టి చట్టానికి అందదన్న వాదన నిలవదు. ఒక కారు నమూనాకు ఉద్గారాల ధ్రువీకరణ లభించింది కర్మాగార సాఫ్ట్‌వేర్‌తో నడిచిన ఇంజిన్‌కే. ఆమోదం పొందిన కిట్‌తో సీఎన్‌జీకి మారి, ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకునే మార్గం మన దేశంలో ఉంది. కొన్ని దేశాలు ట్యూనింగ్‌కు కూడా ఇలాంటి తలుపు తెరిచాయి. ఉద్గారాలను పెంచదని పరీక్షలో నిరూపించుకున్న మార్పులకు కాలిఫోర్నియా రాష్ట్రం అనుమతి పత్రం ఇస్తుంది. జర్మనీలో అధీకృత పరీక్షా సంస్థల ఆమోదం తప్పనిసరి.

పందేల కోసమే కారును సిద్ధం చేసుకునేవారికి చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వే వంటి ట్రాకులు ఉన్నాయి. వేగానికి తగిన స్థలం అదే.

యజమాని ఆలోచించవలసినవి

మ్యాపు మార్చిన సంగతి సర్వీస్ సెంటరుకు తెలియదనుకోవడం పొరపాటు. సాఫ్ట్‌వేర్ గుర్తింపు సంఖ్యను, ఎన్నిసార్లు తిరగరాశారన్న లెక్కను చాలా ఈసీయూలు దాచిపెడతాయి. తయారీదారు పరికరం తగిలించగానే తేడా కనిపిస్తుంది. ఇంజిన్, గేర్‌బాక్సులకు వారంటీ నిరాకరించవచ్చు. మార్పును తెలియజేయకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ క్లెయిమును ప్రశ్నించవచ్చు. పెరిగిన వేగానికి పాత బ్రేకులు, పాత టైర్లు సరిపోతాయా అన్నది మరో ప్రశ్న.

పాత కారు కొనేవారికి ఈ విషయం మరీ ముఖ్యం. పూర్వ యజమాని కారు అమ్మే ముందు కర్మాగారపు ఫైలును తిరిగి ఎక్కించి ఉండవచ్చు. క్లచ్, టర్బో, పిస్టన్లపై పడిన భారం మాత్రం చెరిగిపోదు. కనుక టర్బో కారు కొనేటప్పుడు సర్వీస్ రికార్డు చూడటంతో పాటు, అధీకృత కేంద్రంలో ఈసీయూ సాఫ్ట్‌వేర్ వివరాలు కూడా తనిఖీ చేయించుకోవాలి. సిలిండర్ల కంప్రెషన్ పరీక్ష చేయించాలి. ఇంటర్‌కూలర్, పొగగొట్టం మార్చిన ఆనవాళ్లు ఉన్నాయేమో పరిశీలించాలి. మార్పులు జరిగాయా అని అమ్మేవారిని నేరుగా అడిగి, వారి సమాధానాన్ని విక్రయ పత్రంలో రాయించుకోవడం మంచిది.